టార్చి పట్టుకున్నవాడు

ఆ ఇంట్లో పెద్దల్లుడు "అల్లుడుగారు", చిన్నల్లుడు "ఏమోయ్". ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. మావగారి నోట మరో మాట వచ్చింది లేదు.

పెద్దల్లుడు ఒక ఆఫీసులో కంప్యూటర్ల సెక్షన్‌కి పెద్ద. ఒక్క కంప్యూటర్నయినా విప్పిన పాపాన పోలేదు గానీ, కొత్తవి దిగినప్పుడు ముట్టినట్టు సంతకం పెట్టేది ఆయనే. అందుకని ఇంట్లో అందరూ ఆఫీసరు అంటారు, ఆయనా కాదనడు. చిన్నల్లుడు ఏసీ మెకానిక్. ఎండలో డాబాల మీద, నిచ్చెనల మీద, గోడకీ కిటికీకీ మధ్య ఇరుక్కుని చేసే పని. ఒకసారి ఎడమచేతి చూపుడువేలి మీద కంప్రెసర్ పడి గోరు నిలువునా చీలింది. అది మళ్ళీ సరిగ్గా మొలవలేదు, నల్లటి గీతతో అలాగే ఉండిపోయింది.

"మన స్క్రూడ్రైవర్ వచ్చాడండోయ్" అంటాడు ఆఫీసరు, మెకానిక్ గుమ్మంలో అడుగు పెట్టగానే. నలుగురూ నవ్వుతారు. మెకానిక్ కూడా నవ్వుతాడు. నవ్వక చస్తాడా?

ఇవన్నీ ఒక ఎత్తు, ఆఫీసరు సొంతింట్లో దిగిన రోజు జరిగింది ఒక ఎత్తు. ఆ రోజు మెకానిక్ కొత్త చొక్కా వేసుకుని భార్యతో చుట్టంలాగే వెళ్ళాడు. "తమ్ముడూ, పైన ఏసీ ఎందుకో ఊదట్లేదు, ఒక్క నిమిషం చూసి రా" అని డాబా మీదికి పంపాడు ఆఫీసరు. ఆ నిమిషం రెండు గంటలయింది. కిందికి దిగేసరికి భోజనాల బల్లలు తుడిచేస్తున్నారు. చొక్కా నిండా మసి. ఆఫీసులోవాళ్ళెవరో "ఈయనెవరండీ?" అని అడిగితే, ఆఫీసరు గుక్క తిప్పుకోకుండా "ఏసీ కుర్రాడు" అన్నాడు. అప్పటికి మెకానిక్‌కి ముప్ఫై నాలుగేళ్ళు. పక్కనే ఉన్న మావగారు వినీ విననట్టు చేతులు తుడుచుకున్నారు. మెకానిక్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ మాట ఆరేళ్ళుగా అతని కడుపులో అరక్కుండా ఉంది.

ఆ రోజు అతణ్ణి మనిషిగా చూసింది మరదలొక్కతే. ఆ ఇంటి మూడో కూతురు. ఎండలో చెంబుడు నీళ్ళు తీసుకుని డాబా ఎక్కింది. అక్కడే గోడ నీడన కూర్చుని, ఫోను తీసి అతని చేతుల్ని వీడియో తీసింది.

"నా చేతులెందుకే?" అన్నాడు సిగ్గుపడి.

"నీ చేతులు బాగుంటాయి బావా. ఏ పని చేసినా తడబడవు."

అది ఆ పిల్ల పని. కంప్యూటర్లో మనుషుల బొమ్మలు చేసి వాటిని కదిలిస్తుంది. ముఖాలకంటే చేతులు కష్టమట. అందుకని ఎవరు ఏ పని చేస్తున్నా వాళ్ళ చేతుల్ని ఫోనులో పడుతుంది. కూర తరిగే అమ్మ చేతులు, బొత్తాం కుట్టే దర్జీ చేతులు, తాళం తీసే వాచ్‌మన్ చేతులు, అన్నీ ఆ ఫోనులో ఉంటాయి. "పిచ్చిమేళం" అంటారు మావగారు.

ఆరేళ్ళు ఆ పిచ్చిమేళాన్ని ఓపిక పట్టారు మావగారు. తర్వాత గీత గీశారు. "ఈ ఒక్కసారే. ఈసారి కుదిరిందా సరే సరి. లేదంటే సోమవారం నుంచి బావగారి ఆఫీసులో కూర్చుని ఫారాలు ఎక్కిస్తావు. ఆయన నాకోసం ఆ సీటు ఆపి ఉంచారు."

ఈసారి కుదిరేటట్టే ఉంది. ఒక స్టూడియోవాళ్ళు ఆ పిల్ల చేసిన మచ్చు చూసి ముచ్చటపడ్డారు. ఒక ముసలావిడ సూదిలో దారం ఎక్కించబోయి మూడుసార్లు తప్పి, నాలుగోసారి ఎక్కిస్తుంది. పన్నెండు సెకన్ల ముక్క. ఆదివారం సాయంత్రం ఐదింటిలోగా పూర్తిగా పంపితే, సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు. పన్నెండు సెకన్లంటే రెండొందల ఎనభై ఎనిమిది బొమ్మలు. ఒక్కో బొమ్మనీ కంప్యూటర్ యాభై సెకన్ల పాటు చెక్కుతుంది. మొత్తం నాలుగు గంటల పని.

ఆదివారం పొద్దున పదింటికి మెకానిక్‌కి ఫోనొచ్చింది.

"బావా, కంప్యూటర్ పెట్టె కాలిపోతోంది. పది బొమ్మలు కాగానే టప్పున ఆగిపోతోంది. వేడి తొంభై నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. వస్తావా?"

"వేరే చోట చేయించుకోడానికి లేదా?"

"బొమ్మలు చెక్కే ఇంత పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న మిషను ఎవరింట్లో ఉంటుంది బావా? పైగా ఆదివారం."

"కంగారు పడకు, వస్తున్నా."

భార్య డ్యూటీకి వెళ్ళింది. ఇంటికి తాళం వేసి సంచి భుజాన వేసుకున్నాడు. దారిలో తెలిసిన కంప్యూటర్ దుకాణం ఆయన్ని ఇంట్లోంచి లేపి షట్టరు సగం ఎత్తించాడు. ఒక గొట్టం పేస్టు, ఒక ప్యాకెట్ ప్యాడ్లు తీసుకున్నాడు. పేస్టు నడిమి పెద్ద చిప్పుకి, ప్యాడ్లు చుట్టూ ఉన్న చిన్న చిప్పులకి. మెత్తటి రబ్బరులాంటి బూడిదరంగు బిళ్ళలు అవి. కార్డు మీద ఆ చిప్పులకీ, వాటి మీద కూర్చునే లోహపు దిమ్మకీ మధ్య పెట్టాలి. చిప్పులోని వేడిని దిమ్మలోకి ఎక్కించేది ఆ బిళ్ళలే.

"రెండువైపులా పొర ఉంటుంది" అన్నాడు దుకాణం ఆయన ఆవులిస్తూ. "నీలంది కనబడుతుంది, ఎవడైనా తీస్తాడు. రెండోది గాజులా ఉంటుంది, కనబడి చావదు. రెండూ తీయాలి. ఒకటి మర్చిపోయావో, చిప్పులు మాడిపోతాయి."

మెకానిక్‌కి ఇంకోసారి చెప్పక్కర్లేదు. ఏసీకైనా, దీనికైనా సూత్రం ఒక్కటే. వేడిని ఇక్కడ ఎత్తి అక్కడ పారేయాలి. మధ్యలో ఏదైనా అడ్డం పడిందా, పని గోవిందా.

మరదలి గది మేడ మీద. ఒకే కిటికీ. బల్ల మీద మానిటరు, కింద అద్దం పక్కతో నల్లటి పెట్టె. అద్దం ఊడదీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టింది పాపం. మెకానిక్ మోకాళ్ళ మీద కూర్చుని కార్డు దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు. రెండు బుల్లి ఫ్యాన్ల వెనక దుమ్ము దుప్పటిలా పేరుకుంది. విప్పి, దుమ్ము దులిపి, ఎండిన పేస్టు తుడిచి కొత్తది రాసి, ప్యాడ్లు మారిస్తే సరి. గంట పని. అప్పుడు టైము పదకొండు.

"అయిపోయినట్టే అనుకో" అన్నాడు. ఆ పిల్ల ముఖంలో ప్రాణం వచ్చింది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు. ముందు ఆఫీసరు, వెనక మావగారు. ఆ సీటు సంగతి మాట్లాడ్డానికి పొద్దున్నే వచ్చి కూర్చున్నాడట ఆఫీసరు.

"ఏంటి తమ్ముడూ, కంప్యూటర్‌కి గ్యాసు నింపుతున్నావా?"

మావగారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"కార్డు వేడెక్కుతోంది అన్నయ్యా. విప్పి పేస్టు మార్చాలి."

"లే, లే. ఇది నువ్వు డాబా మీద సుత్తితో బాదే డబ్బా కాదు. నా చేతి కింద నూట ఇరవై కంప్యూటర్లున్నాయి."

"చిన్న బావ చేస్తాడులే నాన్నా" అంది మరదలు. "బావకి చెయ్యి అలవాటు."

"నువ్వు నోరు ముయ్యి" అన్నారు మావగారు. "ఏమోయ్, అల్లుడుగారు స్వయంగా చూస్తానంటుంటే నువ్వు మధ్యలో దూరతావేంటి? జరుగు. ఆ టార్చి పట్టుకో."

మరదలు మెకానిక్ వైపు చూసింది. గొడవ పెట్టుకోనా, ఊరుకోనా అని ఆ చూపు. గొడవ పడితే అరగంట పోతుంది, ఆ అరగంట ఇవాళ బంగారం. అతను ఊరుకోమన్నట్టు కళ్ళార్పాడు.

"నువ్వు పక్కనే ఉంటావుగా బావా?"

"ఎక్కడికి పోతాను? ఇక్కడే ఉంటా."

"అయితే సరే" అంది. అని అలవాటు కొద్దీ ఫోను తీసి, ఆఫీసరు భుజం మీదుగా చేతుల్ని వీడియో తీయడం మొదలుపెట్టింది.

ఆఫీసరు గురించి ఇంకో ముక్క చెప్పాలి. ఆ మహానుభావుడు కొత్త వస్తువు మీద ప్లాస్టిక్ కవరు తీయడు. నాలుగేళ్ళయినా ఆయన కారు సీట్లకి కవర్లు అలాగే ఉన్నాయి, కూర్చుంటే కిర్రుమంటాయి, ఎండాకాలం వీపుకి అంటుకుంటాయి. టీవీ రిమోట్ కవరులోంచే నొక్కాలి. ఫ్రిజ్ తలుపు మీది పొర చివర్లు లేచి పసుపు పచ్చగా ముడుచుకుపోయింది, అయినా తీయనివ్వడు. "వస్తువు కొత్తగా ఉండాలంటే పొర ఉండాలి" అంటాడు. దానికి మావగారు, "అదీ పొందిక అంటే! చూసి నేర్చుకోవాలి" అని మురిసిపోతారు.

పని మొదలైంది. మెకానిక్ మోకాళ్ళ మీద కూర్చుని కుడిచేత్తో టార్చి పట్టుకున్నాడు. తన సంచి, తన స్క్రూడ్రైవర్లు, తను తెచ్చిన పేస్టు, తను తెచ్చిన ప్యాడ్లు. చేతులు మాత్రం ఆయనవి.

ఆఫీసరు బ్లోయరు ఆన్ చేయగానే కార్డు ఫ్యాన్లు గిర్రున తిరిగాయి.

"రెక్కని వేలితో ఆపి ఊదాలి అన్నయ్యా, లేకపోతే..."

"నాకు తెలుసులే."

తెలియదు. కానీ ఆ తర్వాత వేలు పెట్టి ఊదాడు, తనకే తట్టినట్టు. స్క్రూలు తీశాక దిమ్మని ఊడబెరకబోయాడు. ఫ్యాను వైరు ఇంకా తగిలించే ఉంది. మెకానిక్ చటుక్కున ఎడమచెయ్యి పెట్టి వైరు ఊడదీశాడు. లేకపోతే పుటుక్కున తెగేది.

"చేతులు అడ్డం పెట్టకయ్యా!" అని కసిరాడు ఆఫీసరు. తర్వాత మావగారి వైపు తిరిగి, "మా ఇంట్లో దిగిన రోజు గుర్తుందా మావయ్యగారూ? వీడు డాబా మీంచి బొగ్గు బస్తాలా దిగాడు! మా సూపరింటెండెంటు ఎవరండీ అని అడిగితే, ఏసీ కుర్రాడని తప్పించుకున్నా. ఏం చెప్పమంటారు మరి?"

"ఏం చెప్తారు, పరువు పోదూ?" అన్నారు మావగారు పకపకా నవ్వుతూ.

ఇన్నాళ్ళూ నోరు జారిన మాటేమో అనుకుని ఏదో ఓ మూల సర్దుకునేవాడు మెకానిక్. ఇప్పుడు తెలిసింది, అది ఈ ఇంట్లో చెప్పుకుని నవ్వుకునే కథ అని. ఒళ్ళు భగ్గున మండింది.

ఆఫీసరు పేస్టు బాగానే రాశాడు, కాదనకూడదు. తర్వాత ప్యాడ్లు తీశాడు. నీలం పొర లాగి పారేసి, బిళ్ళని చిప్పుల మీద పరిచాడు. పైన గాజులాంటి రెండో పొర టార్చి వెలుగులో తళుక్కుమంది. ఆయన గోటికి దాని అంచు తగిలింది కూడా. తీయలేదు. రిమోట్ కవరు సర్దినట్టు అంచుని బొటనవేలితో మెత్తగా నొక్కి, ముడత లేకుండా అంటించాడు. వస్తువు కొత్తగా ఉండాలి కదా!

మెకానిక్ చూశాడు. చూడకేం, వెలుగు పట్టుకున్నది తనే. ఎడమచేతి వేలు తనంతట తనే ముందుకెళ్ళింది. అంచుకి అర అంగుళం దూరంలో ఉంది. గోరు పెట్టి లాగితే రెండు క్షణాల పని.

"టార్చి సరిగ్గా పట్టు" అన్నాడు ఆఫీసరు తలెత్తకుండా. "ఏసీ కుర్రాడివని నిరూపించుకోకు."

వేలు ఆగింది. ఒక్క క్షణం గాల్లో అలాగే ఉంది. తర్వాత వెనక్కి వచ్చేసింది.

వేడెక్కనీ, అనుకున్నాడు మెకానిక్. అందరి ముందూ వేడెక్కనీ. అరగంటలో టప్పుమని ఆగుతుంది. అప్పుడు ఈ పెద్దమనిషి ముఖం చూడాలి. అప్పుడు నేను విప్పి, ఆ పొర తీసి, మావగారి కళ్ళ ముందు ఆడిస్తా. పిల్లకి మహా అయితే అరగంట పోతుంది. ఐదింటికి ఇంకా బోలెడు టైముంది. ఇలా లెక్క వేసుకున్నాడు. పక్కాగా వేసుకున్నాననే అనుకున్నాడు.

పన్నెండు దాటి పది నిమిషాలకి పెట్టె ఆన్ అయింది. మరదలు పని మొదలుపెట్టింది. మానిటరు మూలన అంకె యాభై, అరవై, అరవై ఎనిమిది దాకా ఎక్కింది. ఎక్కి అక్కడే ఆగింది.

"అరవై ఎనిమిది!" అని చప్పట్లు కొట్టింది ఆ పిల్ల. "తొంభై నాలుగు నుంచి అరవై ఎనిమిది!"

మెకానిక్‌కి నమ్మబుద్ధి కాలేదు. ఇలా అవుతుందనుకోలేదు. తర్వాత అర్థమైంది. ఆ అంకె నడిమి చిప్పుది. దానికి పేస్టు సరిగ్గానే పడింది, అది చల్లగానే ఉంది. పొర కింద ఉడుకుతున్నవి చుట్టూ ఉన్న మెమరీ చిప్పులు. వాటి వేడి ఆ అంకెలో కనబడదు.

"చూశారా మావయ్యగారూ!" ఆఫీసరు చేతులు దులుపుకున్నాడు.

"చూడకేమండీ! మీ చేతి చలవ." మావగారు కిందికి కేక వేశారు. "ఇదిగో, అల్లుడుగారికి టీ పట్రా! బిస్కెట్లు కూడా!" అత్తగారు ట్రే తెచ్చారు. ఆఫీసరుకి పింగాణీ కప్పు, మెకానిక్‌కి స్టీలు గ్లాసు.

ఇప్పుడు చెప్పొచ్చు. ఆపమని చెప్పి, పావుగంటలో విప్పి పొర తీసేయొచ్చు. ఇంకా పన్నెండున్నరే. కానీ ఏమని చెప్తాడు? ఇప్పుడే గుర్తొచ్చిందనా? ఇందాక చూశాను, కావాలనే ఊరుకున్నాననా? పైగా ఆయన పింగాణీ కప్పు చప్పరిస్తూ, "మన స్క్రూడ్రైవరు కూడా టార్చి బాగానే పట్టాడండీ" అంటున్నాడు. కాస్త ఆగుదాం, అదే ఆగిపోతుంది, అనుకున్నాడు.

ఒంటిగంటయింది. అరవై బొమ్మలు. అది ఆగలేదు.

ఒంటిగంటన్నర. ఇప్పుడు చెప్పడం పన్నెండున్నరకి చెప్పడంకంటే కష్టం. గంటన్నర ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు. రెండయింది. అప్పుడు ఇంకా కష్టమైపోయింది. మధ్యలో ఒకసారి లేచి పెట్టె పక్కన చెయ్యి పెట్టి చూశాడు. వేడి చేతికి తెలుస్తోంది. ఏళ్ళ తరబడి వేడిని ముట్టుకుని బతికిన చెయ్యి అది, దానికి అబద్ధం చెప్పలేం.

"ఏంటి బావా, అంతా బాగానే ఉందిగా?" అంది మరదలు కుర్చీ తిప్పి.

నోటిదాకా వచ్చింది. ఆఫీసరు మంచం మీద కాళ్ళు బార్లా చాపుకుని, "ఏం, ఏసీ పెడతావా దానికి?" అన్నాడు.

"బాగానే ఉంది" అన్నాడు మెకానిక్.

చచ్చు మనిషి! ఆ రెండు మాటల బదులు నిజం చెప్పినా ఆ పిల్ల బతుకు ఒడ్డున పడేది. కానీ అన్నాడు. అని, గోడకి చేరగిలబడి కూర్చున్నాడు.

ఆ పిల్ల మాత్రం ఎంత సంబరంగా ఉందని! ఒక్కో బొమ్మా తయారవుతుంటే చూపించింది. "ఇదిగో బావా, ఇక్కడ రెండోసారి తప్పుతుంది, చూడు. ఈ బొటనవేలు నీదే, ఆ రోజు డాబా మీద తీసిందే. ముసలావిడకి నీ వేళ్ళు పెట్టాను." మానిటరు మీద ముడతలు పడ్డ చేతులు దారం కొసని సూది దాకా తెచ్చి, వణికి, వెనక్కి తీశాయి. మెకానిక్ ముఖం తిప్పుకున్నాడు.

మూడు దాటి ఐదు నిమిషాలకి, రెండొందల పదో బొమ్మ మీద ఆకుపచ్చ చుక్కలు పడ్డాయి. తర్వాత గులాబీరంగు గళ్ళు. "ఇదేంటి?" అంది మరదలు. అంతలోనే మానిటరు నల్లబడింది. ఫ్యాన్లు విమానంలా హోరెత్తాయి. రబ్బరు కమిలిన వాసన గదంతా నిండింది.

మెకానిక్ ఒక్క దూకున వెళ్ళి ప్లగ్గు పీకాడు. స్క్రూడ్రైవర్ తీసి, ఎవరి మాటా వినకుండా విప్పాడు. మునివేళ్ళు కాలుతున్నా ఆగలేదు. దిమ్మ లేపి చూస్తే, పొర గోధుమరంగుకి తిరిగి ముడుచుకుపోయి బిళ్ళలకి అతుక్కుని ఉంది. గోటితో గీకి గీకి తీశాడు. చల్లారేదాకా విసిరాడు. మళ్ళీ బిగించి ఆన్ చేశాడు. మానిటరు నల్లగానే ఉంది. ఊడదీసి మళ్ళీ గుచ్చాడు. నల్లగానే ఉంది. నాలుగుసార్లు చేశాడు. కార్డు చచ్చిపోయింది.

మరదలు స్టూడియోకి ఫోన్ చేసింది. ఒక్క రోజు గడువు అడిగింది. పోనీ సగం ముక్క పంపుతానంది. ఐదంటే ఐదే, పూర్తిదే కావాలి, ఇంకో ఇద్దరు అప్పుడే పంపేశారు అన్నారు. "సరేనండీ, థ్యాంక్సండీ" అని పెట్టేసింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"నేను చేసినప్పుడు అరవై ఎనిమిది" అన్నాడు ఆఫీసరు. "మీరంతా చూశారు. ఇప్పుడితను విప్పాడు, పోయింది."

"పోయాకే విప్పాను!" మెకానిక్ గొంతు లేచింది. మాడిన పొర ముక్కని పైకెత్తాడు. "ఇదిగో. ఇది తీయలేదు మీరు. ఇది అడ్డం ఉండి మాడిపోయింది."

ఆరేళ్ళుగా ఎదురుచూసిన క్షణం అది. అందరి ముందూ ఆడించాల్సిన పొర చేతిలోనే ఉంది. కానీ ఆఫీసరు ఎరుపెక్కలేదు, తడబడలేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "అది తీయాలని నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"టార్చి నీ చేతిలోనే ఉందిగా. మరి అప్పుడు చెప్పలేదేం?"

మావగారు కళ్ళు చిట్లించి చూశారు. అత్తగారు ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయారు.

"చిన్న బావ చూసుండడు" అంది మరదలు. అప్పటిదాకా గోడకేసి చూస్తున్న పిల్ల ఇటు తిరిగింది. "చూస్తే చెప్పకుండా ఉంటాడా? ఏం మాట్లాడుతున్నారు మీరు? బావ అలాంటివాడు కాదు. చూడలేదు కదా బావా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు మెకానిక్.

"చూడలేదు" అన్నాడు.

"అదీ సంగతి" అని లేచాడు ఆఫీసరు. "టార్చి పట్టుకుని కూడా చూడనివాడు నాకు చెప్పొచ్చాడు. పోనివ్వండి మావయ్యగారూ, ఏదైనా మన మంచికే. ఆ సీటు ఉండనే ఉంది. అమ్మాయ్, రేపు పదింటికల్లా వచ్చెయ్. నీ కంప్యూటరు నేను కొత్తది తీయించి పెడతాలే, కవరు కూడా విప్పనిది."

"మీలాంటివారు ఉండబట్టి సరిపోయింది" అన్నారు మావగారు చేతులు జోడించినంత పని చేసి. మెకానిక్ వైపు తిరిగి, "నువ్వు ముట్టుకున్నదేదీ బాగుపడదోయ్" అన్నారు. ముగ్గురూ కిందికి దిగిపోయారు. కింద నవ్వులు వినబడ్డాయి. ఆఫీసరు ఏదో చెబుతున్నాడు.

మెకానిక్ సామాన్లు సంచిలో కుక్కుకుని బయటపడ్డాడు. తల ఎత్తకుండా సగం మెట్లు దిగాడు. వెనక నుంచి మరదలు పిలిచింది. పిలవడమంటే, పేరూ వరసా పెట్టి కాదు.

"ఒక్క నిమిషం ఆగండి."

ఆగాడు. ఆ పిల్ల మెట్ల మలుపులో నిలబడింది. ఒక చేతిలో అతను మర్చిపోయిన టార్చి, ఇంకో చేతిలో ఫోను.

"నాన్న అలా అనేసరికి మనసు ఊరుకోలేదు. మీ తప్పు లేదని చూపిద్దామని ఇందాకటి వీడియో తీసి చూశాను. మీరు చూడలేదని నాన్నకి రుజువు చేద్దామని."

ఫోను అతని వైపు తిప్పింది. టార్చి వెలుగు. ఆఫీసరు లావుపాటి వేళ్ళు. గాజుపొర తళుక్కుమంది. పక్క నుంచి ఒక ఎడమచేతి వేలు వచ్చింది. గోరు మీద నిలువునా నల్లటి గీత. ఆ వేలు పొర అంచు దాకా వచ్చింది. "ఏసీ కుర్రాడివని నిరూపించుకోకు" అని ఆఫీసరు గొంతు. వేలు ఆగింది. వణికింది. వెనక్కి పోయింది.

మరదలు మళ్ళీ మొదటికి లాగి వేసింది. వేలు వచ్చింది, వణికింది, వెనక్కి పోయింది. మూడోసారి కూడా వేసింది. అతను అన్నీ చూశాడు. చూడకుండా ఎక్కడికి పోతాడు, మెట్లకి ఒక పక్క గోడ, ఒక పక్క ఆ పిల్ల.

"అమ్మడూ, నేను..."

"భయపడకండి. నాన్నకి చూపించను. ఎవరికీ చూపించను." ఫోను ఆపేసింది. "పెద్ద బావకి తెలీదు కాబట్టి చేశాడు. మీకు తెలుసు. మధ్యాహ్నం నేను అడిగాను కూడా, అంతా బాగానే ఉందిగా అని."

అతను భుజాన సంచి సర్దుకున్నాడు.

"ఏసీ కుర్రాడని అన్నది నేను కాదుగా" అంది.

టార్చి అతని చేతిలో పెట్టింది. అది ఇంకా వెలుగుతూనే ఉంది, పొద్దున్నుంచి ఎవరూ ఆపలేదు. ఆ పిల్ల పైకి వెళ్ళి తలుపు వేసుకుంది. కింద మావగారు అల్లుడుగారికి ఇంకో కప్పు టీ పోయమంటున్నారు.